తరుగు పోను మిగిలిన ఇంటర్నెట్

నల్లగొండ జిల్లాలో పుట్టి, నాలుగెకరాల వరి పండించి, కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టించినవాడికి తరుగంటే ఏమిటో ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. మొన్నటి యాసంగిలో మా వడ్ల తేమ 17 శాతం లోపలే ఉందని మిషన్ చూపించినా, తాలున్నదని ఒకసారి, మట్టి ఉన్నదని ఇంకోసారి, మిల్లువాళ్లు దించుకోవడం లేదని మరోసారి చెప్పి 40 కిలోల బస్తాకు 2 కిలోలు కోశారు. అమ్మేవాడికి తరుగు తప్పదు, అది లోకరీతి అని సరిపెట్టుకున్నాను. నల్లగొండ టౌన్‌లో మేముంటున్న ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించిన తరువాత గానీ, తరుగు కొనేవాడికి కూడా ఉంటుందన్న సంగతి నాకు తెలిసిరాలేదు. ఒకే మనిషిని వడ్లు అమ్మేటప్పుడూ ఇంటర్నెట్ కొనేటప్పుడూ ఒకే కంటితో చూసే ఈ సమభావానికి రావలసినంత మెప్పు రాలేదన్న బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. చెబితే మిగతా కంపెనీల ప్రతిభను తక్కువ చేసినట్టవుతుంది.

ముందుగా ‘వరకు’ అన్న మాటను గురించి చెప్పుకోవాలి. మా గల్లీ మూలన కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఇంటర్నెట్ వేగం ‘100 ఎంబీపీఎస్’ అన్నది బర్రె తలకాయంత అక్షరాలతోనూ, దాని పక్కన ‘వరకు’ అన్నది నువ్వుగింజంత అక్షరాలతోనూ ఉన్నది. వ్యాకరణంలో ఈ మాట కేవలం హద్దును చెబుతుంది. వ్యాపారంలో మాత్రం అభయహస్తం వంటిది. 40 వచ్చినా 100 వరకే, 4 వచ్చినా 100 వరకే, ఏమీ రాకపోయినా సున్నా అనేది వంద లోపలి సంఖ్యే కనుక మాట తప్పినట్టు కాదు. పైగా బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని ప్రభుత్వం 2023లో 2 ఎంబీపీఎస్‌గా నిర్ణయించింది కాబట్టి, నాకు ఆ రెండూ వస్తున్నంత కాలం నేను బ్రాడ్‌బ్యాండ్ ఇంటివాడినే. బిల్లులో మాత్రం ఈ ‘వరకు’ ఎంత వెతికినా దొరకదు. అందులో అద్దె, దాని మీద 18 శాతం జీఎస్టీ, పైసలతో సహా నిక్కచ్చిగా ఉంటాయి. రాని వేగానికి కూడా పన్ను కట్టి దేశసేవ చేసే అవకాశం ఆ విధంగా నాకు దక్కుతున్నది.

వచ్చిన వేగాన్నయినా కొలుచుకుందామంటే కొలతల్లోనే ఇంకో విశేషం ఉన్నది. వేగాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లని అమ్ముతారు, ఎంబీపీఎస్ అంటే అదే; మనం దించుకునే సినిమా సైజేమో మెగాబైట్లలో కనిపిస్తుంది. 8 బిట్లయితే ఒక బైటు కనుక, ఆ ఫ్లెక్సీలోని నూరు అచ్చంగా నూరుకు నూరూ వచ్చినా సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లు. కుంచంతో కొలిచి బేరం చేసి మానికతో పోసే వర్తకులను మా తాతల కాలంలో చావడి దగ్గర నిలబెట్టేవారట. ఇప్పటికీ కూరగాయల అంగడిలో తూకపు రాళ్ల మీద ముద్ర ఉందా లేదా అని తూనికలు కొలతల శాఖవారు చూస్తారు. ఈ ఎంబీపీఎస్ మీద ఎవరి ముద్ర ఉన్నదో అడిగే ఇన్‌స్పెక్టర్‌ను నేనింతవరకు చూడలేదు.

సెల్‌ఫోన్ కంపెనీలు కాలాన్ని కూడా కాంటా పెట్టాయి. చాంద్రమాన మాసానికి సుమారు 29న్నర రోజులు, ఇంగ్లీషు క్యాలెండర్‌లో 30, 31. కానీ రీచార్జి మాసానికి 28 రోజులే. అంటే ఏడాదికి 13 రీచార్జులు. మన పంచాంగకర్తలు ఎంత గుణించినా అధికమాసాన్ని దాదాపు 32 నెలలకు ఒకసారి మించి తేలేకపోయారు. కంపెనీలు దానిని ఏటా తప్పకుండా తెస్తున్నాయి, అదీ దానాలతో సహా. 30 రోజుల గడువుతో కనీసం ఒక్క ప్యాకైనా ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. ‘కనీసం ఒక్కటి’ అన్న మాటను ఎంత భక్తితో పాటించవచ్చో నా ఫోన్ కంపెనీ యాప్‌లో ఆ ప్యాక్‌ను వెతికిన పావుగంటలో నాకు బోధపడింది. 40 కిలోలకు 2 కిలోలంటే 5 శాతం. 30 రోజులకు 2 రోజులంటే ఆరున్నర శాతం పైచిలుకు. ఈ విద్యలో మా మిల్లర్లు నేర్చుకోవలసింది ఇంకా ఉన్నది.

ఇక మా ఇంటి సంగతి. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఇంటర్నెట్ డబ్బా (రౌటర్) మీది ఎర్ర దీపం మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు కదిలినా లింగం వెనుక గోడ మీది నీడ కదలదు, దానిని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మా ఇంట్లో ఆ రోజు టీవీ మధ్యలో గుండ్రని చక్రం ఆగకుండా తిరిగింది, వెనుక బొమ్మ మాత్రం కదలలేదు. చూడడానికి వచ్చింది పక్కింటివారు ఒక్కరే, వారు కూడా వాళ్లింట్లోనూ అదే పరిస్థితి అని చెప్పడానికే వచ్చారు.

ఇంటర్నెట్ రావడం లేదని ఫిర్యాదు చేయడానికి యాప్ తెరవమన్నారు, యాప్ తెరుచుకోవడానికి ఇంటర్నెట్ కావాలన్నారు. ఫోన్‌లోని డేటా ఖర్చుపెట్టి లోపలికి వెళితే, పేరు గల ఒక మరబొమ్మ (చాట్‌బాట్) నమస్కారం పెట్టి, డబ్బాను ఆపి మళ్లీ వేయమన్నది. వేశాను. ‘మీ సమస్య తీరిందా?’ అన్నది. లేదన్నాను. ‘అర్థమైంది’ అని, డబ్బాను ఆపి మళ్లీ వేయమన్నది. సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. నాలుగు రోజుల్లో ఇలాంటివి మూడు వచ్చాయి. ఎర్ర దీపం వెలుగులో మూడింటినీ చదువుకున్నాను.

కనెక్షన్ తీసేయిద్దామన్న దుర్బుద్ధి కూడా ఒకసారి పుట్టింది. చేరడానికి ఒక్క నొక్కు చాలింది కానీ, వెళ్లే దారి ఏడు మెట్ల కింద ఉన్నది, ఏడో మెట్టు మీద ‘వద్దు, నాకు ఆఫర్లు నచ్చవు’ అని నా చేతనే ఒప్పించే గుండీ ఉన్నది. ఇటువంటి వలలను డార్క్ ప్యాటర్న్స్ అంటారట. వాటిలో 13 రకాలను కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చి నిషేధించింది. 13 రీచార్జులకు 13 వలలు కుదరడం కాకతాళీయమే అయి ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం లైన్‌మెన్ పిల్లవాడు బైక్ మీద వచ్చాడు. స్తంభమెక్కి, తీగ చేతిలోకి తీసుకుని, కొరికిన చోటు పైనుంచే నాకు చూపించాడు. “కోతులు సార్. సుట్టుపక్కల పది ఇండ్లయి పోయినయ్. జాయింట్ కొడ్త,” అన్నాడు. వెంట్రుకవంటి గాజుపోగును తుడిచి, చిన్న మిషన్‌లో పెట్టి అతికించడానికి అతనికి పది నిమిషాలు పట్టలేదు. నాలుగు రోజులూ పట్టింది ఆ పది నిమిషాలకు మనిషిని పంపడానికే. ఎర్ర దీపం ఆరింది. డబ్బాకు ఆనించి ఫోన్‌లో స్పీడు చూపించాడు, 94 వచ్చింది. వంటింట్లోకి వెళ్లి చూస్తే 11 వచ్చింది. “గోడలు తింటయ్ సార్,” అన్నాడు. కోతులు, గోడలు తినగా మిగిలినది మనదన్నమాట.

పోతూ పోతూ గేటు దగ్గర ఆగాడు. “సార్, మీకొక మెసేజ్ వస్తది. జర ఫైవ్ స్టార్లు కొట్టుండ్రి. తక్కువొస్తే నా పైసలల్ల కోస్తరు.”

తరుగు ఇతనికి కూడా ఉన్నదని అప్పుడు తెలిసింది. మెసేజ్ రాగానే, బైక్ గల్లీ దాటకముందే, ఐదు నక్షత్రాలూ వరుసగా నొక్కి పంపాను. అవి వెళ్లాయో లేదో చెప్పలేను. నొక్కిన క్షణం నుంచి తెర మధ్యలో చక్రం తిరుగుతున్నది, డబ్బా మీద మళ్లీ ఎర్ర దీపం మినుకుమంటున్నది, స్తంభం మీద రెండు కోతులు కూర్చుని ఉన్నాయి.