నాలుగుంబావు అంగుళాల గుంతలో సగం ఆట

మహిళల ప్రో గోల్ఫ్ టూర్ సీజను మన పత్రికల్లో మూడు వాక్యాలకు మించదు. ఎవరు గెలిచారు, ఎన్ని షాట్ల తేడా, చెక్కు ఎంత. ఈ విషయంలో మా క్రీడా పేజీకీ మినహాయింపు లేదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఆ వార్త కంటపడినా ‘డబ్బున్నోళ్ల ఆటలే’ అని పేజీ తిప్పేస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ సగమే ఉంది.

భారత మహిళా గోల్ఫ్ సంఘం నడిపే ఈ టూర్‌లో ఒక్కో పోటీని ‘లెగ్’ అంటారు. మూడు రోజులు, రోజుకు 18 చొప్పున 54 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు). రెండో రోజు సాయంత్రం, 36 హోల్స్ పూర్తయ్యాక కట్ పడుతుంది, అంటే ఒక హద్దుకు మించి షాట్లు ఆడినవారు పోటీ నుంచి తప్పుకోవాలి. అసలు కథంతా అక్కడుంది. పార్ (కోర్సు పూర్తిచేయడానికి నిర్ణయించిన షాట్ల లెక్క) 72 ఉన్న కోర్సులో ఒకమ్మాయి రెండు రోజుల్లో 74, 76 కొట్టిందనుకుందాం. మొత్తం 150, రెండు రోజుల పార్ 144 మీద ఆరు ఎక్కువ. కట్ 149 దగ్గర పడితే, రెండు రోజుల్లో గుంత అంచు దాకా వెళ్లి ఆగిన ఒక్క బంతి ఆమెను ఇంటికి పంపేస్తుంది. రైలు టికెట్టు, గది అద్దె, కేడీ (క్లబ్బుల సంచి మోసే సహాయకుడు) కూలి అన్నీ చేతి డబ్బే, వచ్చేది సున్నా. బహుమతి సొమ్ము కట్ దాటినవారికే. ఏడాది చివర ఆర్డర్ ఆఫ్ మెరిట్ (సీజను ర్యాంకుల పట్టిక) లెక్కించేదీ ఆ సొమ్మునుబట్టే కాబట్టి, ఒక గెలుపు కన్నా వరసగా కట్లు దాటడమే చాలామందిని నిలబెడుతుంది. 2023లో ఆ పట్టికలో మొదటి స్థానం హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్‌ది. అమెచ్యూర్లు (బహుమతి సొమ్ము తీసుకోకుండా ఆడేవారు) కూడా వీళ్లతో కలిసి ఆడొచ్చు, గెలవొచ్చు. బెంగళూరు అమ్మాయి అవని ప్రశాంత్ అలాగే టైటిళ్లు గెలిచింది. చెక్కు మాత్రం వెనక నిలిచిన ప్రొఫెషనల్‌కే వెళ్తుంది.

ఇక మిగతా సగం. పార్ 72లో ఒక్కో హోల్‌కు రెండు పట్‌ల (బంతిని గుంతలోకి దొర్లించే షాట్ల) చొప్పున 36 షాట్లు గ్రీన్ మీదివే, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీదివే. సగం లెక్క పట్‌లు కొట్టే పటర్‌దే. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్‌ను చూశాం. డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే దూరపు షాటు) దూరంలో తోటివారి కన్నా వెనకబడి కూడా, పటర్ బలంతో 15 అండర్‌తో (పార్ కన్నా 15 షాట్లు తక్కువతో) నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క షాటు దూరంలో పోయింది. ఈ సగానికి వందల ఎకరాల పచ్చిక అక్కర్లేదు.

బడి ఆవరణలో ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు నేల చాలు. మొరం పరిచి, తడిపి, రోలర్ తిప్పి, జల్లించిన ఏటి ఇసుక పలచగా చల్లాలి. పచ్చిక లేని పాత కోర్సుల్లో గ్రీన్లకు బదులుండే ‘బ్రౌన్లు’ ఇలాంటివే. గుంత వెడల్పు నియమం ప్రకారం 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగుంబావు అంగుళాలు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఆరంగుళాల ముక్క కోసి పాతొచ్చు. లోపలి వెడల్పు కాస్త తగ్గుతుంది. సాధనకు తగ్గడమే మేలు. పైపు అంచు నేలమట్టానికి అంగుళం కిందికి ఉండాలి. పైకి తేలితే మంచి పట్ కూడా అంచుకు తగిలి ఎగిరిపోతుంది. వానపడ్డ మర్నాడు ఇసుక చదును చేయకుండా ఆడితే నీటి చారలే బంతిని లాక్కుపోతాయి, పిల్ల తన చేతిని తప్పుపడుతుంది.

మూడడుగుల నుంచి వరసగా ఇరవై పడేదాకా వెనక్కి జరగకూడదు. మణికట్టు విరవకుండా భుజాలతో ఊపాలి. బంతి గుంతలో పడ్డ చప్పుడు వినాలి తప్ప తలెత్తి చూడకూడదు. ఆ తలెత్తడమే నూటికి తొంభై తప్పులకు మూలమంటే మరీ ఎక్కువేమీ కాదు. నియమాలు 14 క్లబ్బులు (ఆట కర్రలు) అనుమతిస్తాయని పూర్తి సెట్టు కొనే తల్లిదండ్రులకు మేం చెప్పేదొకటే: ముందు పాత పటరూ, ఒక వెడ్జూ, ఏడో నంబరు ఐరనూ చాలు. దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్ సంగతి రెండో ఏడు చూసుకోవచ్చు.

టూర్ నిర్వాహకులను అడగాల్సిందీ ఉంది. బెంగళూరు, హైదరాబాద్, కోల్‌కతా, దిల్లీ పరిసరాలకు ఎప్పుడూ చోటుంటుంది. విశాఖలో 18 హోల్స్ ఈస్ట్ పాయింట్ కోర్సు ఉంది. మగవాళ్ల ప్రో టూర్ అక్కడ ఆడింది. బరంపురం నుంచి విశాఖ సుమారు 275 కిలోమీటర్లు, భువనేశ్వర్ 170. ఈ రెంటిలో ఒకచోట ఎప్పుడో వీలు చిక్కినప్పుడు కాదు, ఏటా ఒక లెగ్ పెట్టాలి. ప్రాక్టీసు రోజున సరిహద్దు జిల్లాల బడిపిల్లలను గంటసేపు పట్టింగ్ గ్రీన్ పక్కన నిలబడనివ్వాలి. ఒక ప్రొఫెషనల్ ఒకే పట్‌ను నాలుగు వైపుల నుంచి చూసి వంపు అంచనా వేయడం కళ్లారా చూస్తే, అంతా చెప్పినట్టే.

తేదీల్లో మాత్రం జాగ్రత్త. 2013లో ఫైలిన్ తుపాను, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న ఈ తీరాన్ని కొట్టాయి. ఏప్రిల్, మే ఉక్కలో గ్రిప్ చేతిలో నిలవదు. రెండు తువ్వాళ్లు, మూడు గ్లవ్‌లు ఉన్నా కష్టమే. జనవరి రెండో సగం బాగుంటుంది. ఉదయం మంచుకు గ్రీన్లు నెమ్మదిగా ఉన్నా ఎండెక్కేసరికి ఆరిపోతాయి, పదో తరగతి పరీక్షలకూ ఇంకా వ్యవధి ఉంటుంది.