బడి గేటు దాటిన మాటకు బడి శిక్ష వేయవచ్చా?

విద్యార్థి సెలవు రోజున, సొంత ఫోన్లో, బడితో సంబంధం లేని చోట నుంచి రాసిన మాటకు సోమవారం పొద్దున బడి శిక్ష వేయవచ్చా? ఈ ప్రశ్నతో అమెరికా న్యాయస్థానాలు చాలా ఏళ్లుగా కుస్తీ పడుతున్నాయి. అక్కడి సుప్రీంకోర్టు 2021 జూన్ 23న ఇచ్చిన తీర్పుతో కొంత స్పష్టత వచ్చింది గానీ పూర్తి జవాబు దొరకలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మాట ఎంత రోతగా ఉందన్నది బడికి కొలమానం కాకూడదు. ఆ మాటను ఎవరి మీద గురిపెట్టారు, దాని దెబ్బ తిన్న పిల్లవాడు మర్నాడు తలెత్తుకుని తరగతిలో కూర్చోగలడా లేదా అన్నదే కొలమానం కావాలి. ఈ తేడాను పట్టించుకోకుండా వేసే శిక్షల్లో చాలావాటి వెనక ఉండేది సంస్థ పరువు గురించిన బెంగే.

అమెరికా తీర్పుకు దారితీసిన గొడవ చాలా చిన్నది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మహనోయ్ ఏరియా హైస్కూల్లో తొమ్మిదో తరగతి ముగిస్తున్న ఒక అమ్మాయి 2017లో చీర్‌లీడింగ్ ప్రధాన జట్టుకు ప్రయత్నించి ఎంపిక కాలేకపోయింది. కోర్టు కాగితాల్లో ఆమెను బి.ఎల్. అన్న పొడి అక్షరాలతో ప్రస్తావించారు. ఆమెకు రెండో శ్రేణి జట్టులో చోటిస్తామన్నారు. కొత్తగా హైస్కూల్లో చేరబోతున్న మరో అమ్మాయికి మాత్రం నేరుగా ప్రధాన జట్టులో చోటు దక్కింది. ఆ వారాంతంలో ఆమె కోకో హట్ అనే దుకాణం దగ్గర స్నేహితురాలితో కలిసి మధ్యవేలు చూపిస్తూ ఫొటో దిగి, బడినీ, సాఫ్ట్‌బాల్‌నూ, చీర్‌లీడింగ్‌నూ, చివరికి సమస్తాన్నీ ఒకే బూతు మాటతో తిట్టి స్నాప్‌చాట్‌లో పెట్టింది. దాదాపు 250 మంది స్నేహితులకు కనిపించి, 24 గంటల్లో మాయమైపోవలసిన పోస్టు అది. ఆ లోపే ఎవరో దాన్ని ఫొటో తీశారు, అది కోచ్‌ల దాకా వెళ్లింది. అమ్మాయి క్షమాపణ చెప్పుకున్నా ఏడాదిపాటు జట్టు నుంచి తప్పించారు. ప్రిన్సిపాల్ మొదలుకొని స్కూలు బోర్డు దాకా అందరూ ఆ నిర్ణయాన్నే సమర్థించడంతో తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు.

అమెరికాలో ప్రభుత్వ బడి కూడా ప్రభుత్వంలో భాగమే కాబట్టి వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే రాజ్యాంగంలోని మొదటి సవరణ దానికి వర్తిస్తుంది. ప్రైవేటు బడికి వర్తించదు. ఈ విషయంలో పునాది వేసిన తీర్పు 1969 నాటిది. వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డె మోయిన్ నగరంలో కొందరు పిల్లలు చేతికి నల్లబ్యాడ్జీలు కట్టుకుని బడికి వెళ్లి సస్పెండ్ అయ్యారు. విద్యార్థులు బడి గేటు దగ్గర తమ రాజ్యాంగ హక్కులను విడిచి లోపలికి రారనీ, చదువు సాగడానికి గణనీయమైన ఆటంకం కలిగినప్పుడో ఇతరుల హక్కులకు భంగం కలిగినప్పుడో మాత్రమే బడి వారి మాటను అదుపు చేయగలదనీ సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో చెప్పింది. అయితే ఆ సూత్రం బడి లోపలి మాట కోసం పుట్టింది. ఇంట్లో అన్న మాట క్షణాల్లో ప్రతి విద్యార్థి జేబులోకీ చేరిపోయే రోజుల్లో లోపలేది, బయటేది అన్న చిక్కు సహజంగానే వచ్చింది.

మహనోయ్ తీర్పు 8–1 ఆధిక్యంతో అమ్మాయి పక్షాన వచ్చింది. దాన్ని రాసిన జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్, బడి ఆవరణ బయటి మాట మీద బడికి ఏ అధికారమూ లేదని అనలేదు. ఆ అధికారం బాగా తక్కువని మాత్రమే అన్నారు, అందుకు మూడు కారణాలు చూపారు. పిల్లలు బడిలో ఉన్నంతసేపు ఉపాధ్యాయులు తల్లిదండ్రుల స్థానంలో ఉంటారు, బయటికి వచ్చాక ఆ బాధ్యత సాధారణంగా తల్లిదండ్రులదే అన్నది మొదటిది. మూడోది, జనానికి నచ్చని అభిప్రాయాన్ని కాపాడటం బడికి కూడా అవసరమేనన్నది. ప్రభుత్వ బడులు ప్రజాస్వామ్యానికి నారుమళ్లు అని ఆయన రాశారు. నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోచేది రెండో కారణం. బడి లోపలి మాట మీద ఇప్పటికే బడికి అధికారం ఉంది. బయటి మాట మీద కూడా అంతే అధికారం ఇస్తే విద్యార్థి రోజులోని 24 గంటల్లో ఏ గంటలోనూ స్వేచ్ఛగా నోరు విప్పలేడు. పెద్దవాళ్లకు ఆఫీసులో చెప్పలేని మాట ఇంట్లో చెప్పుకునే వీలుంటుంది. పిల్లలకు ఆ వీలు కూడా లేకుండా చేస్తే, రాజకీయం గురించో మతం గురించో వాళ్లు మాట్లాడగలిగే చోటంటూ ఇక మిగలదు.

ఆ పోస్టు వల్ల బడికి జరిగిన నష్టమేమిటని కోర్టు వెతికితే తేలింది ఇంతే: ఆల్జీబ్రా తరగతిలో ఒకటి రెండు రోజులు, ఐదు నుంచి పది నిమిషాలసేపు దాని గురించి మాట్లాడుకున్నారు, జట్టులో కొందరు బాధపడ్డారు. అయితే, ఒకరిని లక్ష్యంగా చేసుకున్న తీవ్రమైన వేధింపు, ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ బెదిరింపు వంటివి బయట జరిగినా బడి జోక్యం చేసుకోవచ్చని తీర్పు స్పష్టంగా చెప్పింది. ఆ గీత సరిగ్గా ఎక్కడ గీయాలో మాత్రం ముందు ముందు వచ్చే కేసులకు వదిలేసింది.

ఒంటరిగా అసమ్మతి తెలిపిన జస్టిస్ క్లారెన్స్ థామస్ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆయన 1859లో వెర్మాంట్ రాష్ట్ర కోర్టు ఇచ్చిన ఒక తీర్పును తవ్వి తీశారు. బడి వదిలేసిన గంటన్నర తర్వాత, పశువును తోలుకుంటూ ఉపాధ్యాయుడి ఇంటి ముందు నుంచి వెళ్తున్న ఒక కుర్రవాడు తోటి విద్యార్థులకు వినపడేలా ఆయన్ను ‘ముసలి జాక్ సీవర్’ అన్నాడు. మర్నాడు బడిలో ఉపాధ్యాయుడు అతన్ని తోలు కొరడాతో కొట్టాడు. ఉపాధ్యాయుడి గౌరవాన్నీ బడి క్రమశిక్షణనూ నేరుగా దెబ్బతీసే మాట బయట అన్నదైనా శిక్షించే అధికారం ఉపాధ్యాయుడికి ఉంటుందని ఆ కోర్టు తేల్చింది. సామాజిక మాధ్యమాల వల్ల బయటి మాట బడిలోకి ఇంకా తేలిగ్గా చొరబడుతుంది కాబట్టి ఆ సూత్రం నేడు మరింత వర్తిస్తుందన్నది థామస్ వాదన. మాట ప్రయాణం గురించి ఆయన చెప్పింది నిజమే. కానీ మాట దూరం వెళ్తుంది కాబట్టి శిక్ష కూడా దాని వెంట వెళ్లాలనడానికి అది చాలదు. 1859 నాటి కుర్రవాడి మాట అక్కడున్న నలుగురితో ఆగిపోయింది. నేటి విద్యార్థి విసుగుతో రాసిన మాట స్క్రీన్‌షాట్‌గా అతన్ని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఆ భారం మీద బడి శిక్ష కూడా వేసేటప్పుడు మరింత ఆచితూచి అడుగు వేయాలి.

అసలు కష్టమంతా బూతుతో కాదు, ద్వేషంతో వస్తుంది. 2022లో అమెరికా అప్పీలు కోర్టులు తేల్చిన రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బోధపడుతుంది. కొలరాడోలోని చెర్రీ క్రీక్ హైస్కూలు విద్యార్థి ఒకడు 2019లో ఒక శుక్రవారం సాయంత్రం పాత బట్టల దుకాణంలో స్నేహితులు విగ్గులూ, ఒక సైనిక టోపీలాంటిదానితో సహా టోపీలూ పెట్టుకున్న ఫొటో తీసి, యూదులను నిర్మూలించబోతున్నామంటూ స్నాప్‌చాట్‌లో రాశాడు. కొన్ని గంటల్లో తానే తీసేసి, తమాషాకు చేశానంటూ క్షమాపణ పెట్టాడు. పోలీసులు ఇంటికి వచ్చి చూసి ముప్పేమీ లేదని తేల్చారు. అయినా బడి అతన్ని ఏడాదిపాటు బహిష్కరించింది. అతని దావాను కింది కోర్టు కొట్టివేయగా, మహనోయ్ తీర్పు ఆధారంగా అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. కాలిఫోర్నియాలోని ఆల్బనీ హైస్కూల్లో కథ వేరు. అక్కడ ఒక విద్యార్థి ఇన్‌స్టాగ్రామ్‌లో రహస్య ఖాతా తెరిచి, తన బడిలోనే చదువుతున్న నల్లజాతి అమ్మాయిల ఫొటోలు పెట్టి జాతి దూషణలు రాశాడు. ఒక ఫొటోలో ఒక విద్యార్థిని మెడకూ, కోచ్ మెడకూ ఉరితాళ్లు గీశాడు. నల్లజాతివారిని చెట్లకు ఉరితీసిన చరిత్ర ఉన్న దేశంలో ఆ బొమ్మ ఏం చెబుతుందో వేరే వివరించనక్కర్లేదు. ఖాతా కొద్దిమంది స్నేహితులకే పరిమితమని, ఆ అమ్మాయిలు చూడాలని తాను అనుకోలేదని అతను వాదించినా అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. బడి చర్య సరైనదేనంది.

రెండు తీర్పులూ సరైనవేనని నా నమ్మకం. మొదటి పోస్టు చదివిన యూదు విద్యార్థులకు భయం, అవమానం కలగలేదని ఎవరూ అనలేరు. అక్కడ బడి చేయవలసింది చాలా ఉంది: ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడటం, తల్లిదండ్రులను పిలిపించడం, నాజీలు యూదులను ఊచకోత కోసిన హోలోకాస్ట్ చరిత్రను తరగతిలో మళ్లీ ముందుకు తేవడం. ఏడాదిపాటు గెంటేస్తే ఇవేవీ జరగవు, ఆ చరిత్ర నేర్చుకోవలసిన వాడే తరగతికి దూరమవుతాడు. ఆల్బనీలో మాత్రం పేరూ ముఖమూ ఉన్న తోటి పిల్లల మీద దాడి జరిగింది, వాళ్లు మళ్లీ అదే తరగతి గదిలో అదే పిల్లల పక్కన కూర్చోవాలి. బాధితుల చదువుకునే హక్కును కాపాడటానికి బడి అక్కడ జోక్యం చేసుకోకపోతే, ఎవరి స్వేచ్ఛను కాపాడినట్టు?

టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా ప్రభుత్వ బడుల్లో చదివే తెలుగువారి పిల్లలకు ఈ గీత రెండు వైపుల నుంచీ ముఖ్యమే. రంగు మీదో యాస మీదో వెక్కిరింపులు ఎదుర్కొనేదీ వాళ్లే, గ్రూపు చాట్‌లో తొందరపడి ఏదో రాసి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేదీ వాళ్లే కావచ్చు.

మన దగ్గర పరిస్థితి వేరు. 1985లో కేరళ పిల్లలు ముగ్గురు జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డారన్న కారణంతో బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. అది బడి లోపలి సంగతి. బయటి మాటకు వస్తే 2025 మే నాటి పుణె ఉదంతం కళ్లముందే ఉంది. ఆపరేషన్ సిందూర్ గురించి వేరొకరి పోస్టును పంచుకున్న 19 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థిని, బెదిరింపులు రావడంతో రెండు గంటల్లోపే దాన్ని తీసేసి క్షమాపణ చెప్పింది. అయినా కాలేజీ ఆమె వాదన వినకుండానే బహిష్కరించింది, పోలీసులు అరెస్టు చేశారు. మే 27న బాంబే హైకోర్టు బెయిలిచ్చి, బహిష్కరణ ఉత్తర్వును నిలిపివేసి, పరీక్షలు రాయనిమ్మంది. ఆ పోస్టు ఎవరికైనా నచ్చకపోవచ్చు. కానీ ఆమె ఏ తోటి విద్యార్థినీ గురిపెట్టలేదు, ఏ తరగతినీ ఆపలేదు. హైకోర్టు దాకా వెళ్లగలిగే స్తోమత లేని ఇంటి పిల్ల అయితే ఆ ఏడాది చదువు అంతటితో పోయినట్టే.

నిజానికి బయట జరిగే వేధింపును పట్టుకునే చట్టం మనకు కొత్త కాదు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యాసంస్థ లోపలే కాదు, బయట కూడా ర్యాగింగ్‌ను నిషేధించింది. ఎవరినైనా ఏడిపించడం, అవమానించడం కూడా అందులో నేరాలే. ఒక పిల్లవాణ్ణి కులం పేరుతోనో, ఒక అమ్మాయిని ఫొటో పెట్టి అసభ్యంగానో వాట్సాప్ గ్రూపులో ఏడిపిస్తుంటే, అది మా ఆవరణలో జరగలేదని ప్రిన్సిపాల్ చేతులు దులుపుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. మన సంస్థలు ఎక్కువగా తప్పుతున్నది ఇక్కడే. సంస్థ మీద విమర్శ వస్తే గంటల్లో చర్య, పిల్లవాడి మీద దూషణ వస్తే సర్దుకుపొమ్మన్న సలహా.

చర్య అవసరమైన చోట కూడా విచారణ ముందుండాలి. 2020 మేలో ఢిల్లీ అబ్బాయిలు అమ్మాయిల ఫొటోలు పెట్టి నీచంగా మాట్లాడుకున్న ‘బాయ్స్ లాకర్ రూమ్’ గ్రూపు బయటపడినప్పుడు, అత్యాచారం గురించిన ఒక సంభాషణ స్క్రీన్‌షాట్ కూడా దానిలోదేనంటూ దేశమంతా తిరిగింది. అది ఆ గ్రూపుది కాదనీ, ఒక బాలిక అబ్బాయిగా నటిస్తూ మరో అబ్బాయితో స్నాప్‌చాట్‌లో చేసిన సంభాషణ అనీ తర్వాత పోలీసులు తేల్చారు. గ్రూపులో జరిగిన తప్పు తప్పే. కానీ స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసి ఎవరికి శిక్ష వేసినా పొరపాటుకు ఎంత చోటుందో అది చూపించింది.

తెలుగు రాష్ట్రాల్లో పిల్లల మీద అన్నిటికన్నా తేలిగ్గా ఎక్కుపెట్టే ఆయుధం టీసీ. ‘టీసీ తీసుకుని వెళ్లిపోండి’ అన్న మాట రికార్డుల్లో శిక్షగా కూడా కనిపించదు. తల్లిదండ్రులే అడిగినట్టు దరఖాస్తు రాయించుకుంటారు. విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదంటుంది. సరిగ్గా చేతికి ఫోన్ వచ్చి, నోటికి ధైర్యం వచ్చే తొమ్మిదో తరగతి నుంచి, ఇంటర్మీడియట్ దాకా ఆ రక్షణ లేదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ ఖాళీని పూడ్చవలసి ఉంది: బడి బయటి మాటకు చర్య తీసుకోవాలంటే ఏ విద్యార్థికి లేదా ఉపాధ్యాయుడికి ఏ హాని జరిగిందో రాతపూర్వకంగా చూపాలి, పిల్లవాడి మాట తల్లిదండ్రుల ఎదుట వినాలి, మండల లేదా జిల్లా విద్యాధికారికి అప్పీలు చేసుకునే వీలుండాలి, ఆ అప్పీలు తేలేదాకా పిల్లవాడు తరగతిలోనే ఉండాలి, పరీక్ష ఫీజు కట్టించుకోవాలి, హాల్‌టికెట్ ఆపకూడదు.