ఉచితంగా ఇచ్చినందుకు జరిమానా

తిరుపతిలో, లీలామహల్ సర్కిల్ దగ్గరి ఒక నెట్ సెంటర్‌కు ఘోర అన్యాయం జరిగింది. అక్కడి విండోస్ 7 కంప్యూటర్‌లో, ఉచితంగా దొరికే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 115వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఆ పై వెర్షన్లు ఎక్కవు. "మనల్ని ఒక మాట అడక్కుండా సపోర్ట్ ఎట్లా తీసేస్తారు సామీ?" అని ఓనరు నన్ను నిలదీశాడు. నిజమే, వచ్చి అడిగుండాల్సింది.

ఆ కంప్యూటర్ వైభవం చూసి తీరాలి. ఏటా ఆయుధపూజకు మానిటర్‌కు విభూతి పట్టెలు, సీపీయూకు పసుపు కుంకుమలు. కుంకుమ ఫ్యాన్ కంతల్లోంచి లోపలికి చేరి స్థిరపడింది. కీబోర్డులో ఎస్ మీట ఊడిపోయింది, ఆ అక్షరం కావాలంటే అగ్గిపుల్లతో పొడవాలి. మూడొందల దర్శనం టికెట్ కోసం వచ్చిన భక్తుడి పేరు శ్రీనివాసులు అయితే, పేరు పూర్తయ్యేసరికి కోటా అయిపోతుంది. ఈ పాపం కూడా ఫైర్‌ఫాక్స్ వాళ్లదే.

డబ్బు తీసుకుని అమ్మిన మైక్రోసాఫ్టే 2020 జనవరి 14న, సరిగ్గా భోగి నాడు, విండోస్ 7ను వదిలించుకుంది. ఆ కంపెనీని మాత్రం ఓనరు పల్లెత్తు మాట అనడు. తన కాపీకి బిల్లు లేదు కదా, మొహమాటం కాబోలు.

పోనీ, ఆయన్ని వదిలేద్దాం. ఏసీ గదుల్లో కోట్ల ప్రాజెక్టులు చేసే కంపెనీల సంగతేమిటి? ఉచితంగా దొరికే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో కొత్తదైన పైథాన్ 3 వచ్చింది 2008లో. పైథాన్ 2ను 2015లో ఆపేస్తామన్నారు, జనం కదల్లేదని ఇంకో ఐదేళ్లు పొడిగించి 2020 జనవరి 1న ఆపారు. పుష్కరానికి ఏడాది తక్కువ. అయినా "హఠాత్తుగా ఆపేశారు" అని ఒకటే గోల.

పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి పిల్లలు పడుకున్నాక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేసే సాఫ్ట్‌వేర్‌ను, రాసి చూసుకునే మెయింటెయినర్‌కు ఈ కంపెనీల నుంచి మెయిల్: "మా సర్వర్ పాతది. శుక్రవారంలోగా సరిచేసి పంపగలరు." ఎవడబ్బ సొమ్మని? ఒక పాత వెర్షన్‌ను మోయడమంటే ప్రతి మార్పునూ దాని మీద మళ్లీ టెస్ట్ చేయాలి, అందులో లేని సౌకర్యాలకు అడ్డదారులు రాయాలి. దానికి రూపాయి ఇచ్చారా? తప్పు సరిదిద్దే కోడ్ ముక్క, ఒక్క ప్యాచ్ పంపారా? పాత కోడ్‌ను ఎవరూ ఎత్తుకుపోలేదు, అక్కడే ఉంది. తీసుకుని మీరే చూసుకోండి! ఏ హామీ లేదని లైసెన్స్‌లోనే రాసి పెట్టారు, చదివి ఏడిస్తే కదా.

రేపు ఆడిట్‌లో పాత వెర్షన్ ఎందుకు వాడుతున్నారని అడిగితే, "ఓపెన్ సోర్స్ వాళ్లు సపోర్ట్ ఇవ్వలేదండీ" అని రాసి సంతకం పెట్టేస్తారు.