రొంటిన పిస్తోలు, మెడలో స్టెతస్కోపు

మా నాయనమ్మ రొంటిన బీరువా తాళాలు, పొడుం డబ్బీ, నాలుగు మడతలు పెట్టిన వంద నోటు ఎప్పుడూ ఉండేవి. పిండి రుబ్బినా, పెళ్లిలో పరుగులు తీసినా ఒక్కటీ జారింది లేదు, బయటికి కనిపించిందీ లేదు. అమెరికావాళ్లు ‘కన్సీల్డ్ క్యారీ’ అని పేరు పెట్టి, క్లాసులు చెప్పి, లైసెన్సులిచ్చే విద్య ఇదే. తేడా అల్లా, వాళ్లు దోపుకునేది పిస్తోలు.

ఈ విద్య మా వదినకు అవసరం పడింది. నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, టెక్సస్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నైట్ డ్యూటీలు చేస్తోంది. పోయిన నెల ఒక పేషెంటు డొక్కలో తన్నాడు. అందులో వింతేమీ లేదు. 2018లో అమెరికాలో పనిచేసే చోట జరిగిన దాడుల గాయాల్లో 73 శాతం ఆరోగ్య సేవల ఉద్యోగులవేనని ప్రభుత్వ లెక్క. ‘ఒక గన్ను పెట్టుకోరాదూ’ అంది తోటి నర్సు, గొడుగు పెట్టుకోమన్నంత తేలిగ్గా. 2021 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో చాలామందికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఎక్కడ పెట్టుకోవాలన్నదే సమస్య. సాఫ్ట్‌వేరువాణ్ణి కనక పరిష్కారం బాధ్యత నేను తీసుకున్నాను.

నర్సులు వేసుకునే స్క్రబ్స్ ప్యాంటుకు బెల్టు ఉండదు, బొందు ఉంటుంది. గ్లాక్ 19 అనే పిస్తోలు తూటాలతో నిండితే ఇంచుమించు 850 గ్రాములు. అంత కందిపప్పు తూచి, సంచిలో కట్టి, వదిన నడుముకు ఎలాస్టిక్ పట్టీతో బిగించాం. హాల్లో దిండు మీద సీపీఆర్, అంటే ఆగిన గుండెను ఆడించడానికి ఛాతీ నొక్కడం, మొదలుపెట్టింది. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, రెండంగుళాల లోతు. ముప్పయ్యో నొక్కుకు పప్పు వీపు నుంచి పొట్ట మీదికొచ్చింది. డెబ్భయ్యో నొక్కుకు దిండు మీద పడింది.

“పేషెంటు బతికాడు గానీ అబ్బాయ్, వాడి చేతికి పిస్తోలిచ్చాను” అంది వదిన, రొప్పుతూ.

నవ్వుకున్నాం గానీ, ఆవిడ మాటలో నిజముంది. మంచం మీంచి లేవబోయే మనిషి పట్టుకునేది నర్సు నడుమే. మతి తప్పిన తాత చేతికి ఏది దొరికితే అది లాగుతాడు. 2000 నుంచి 2011 దాకా అమెరికా ఆసుపత్రుల కాల్పులను జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు లెక్కతీశారు. ఎమర్జెన్సీలో జరిగినవాటిలో 23 శాతం ఘటనల్లో పేలింది సెక్యూరిటీ గార్డు దగ్గర లాక్కున్న తుపాకీ. శిక్షణ పొందిన గార్డు గతే అది. బొందు ప్యాంటు నర్సు సంగతి వేరే చెప్పాలా?

ఇక ఎంఆర్‌ఐ స్కానింగు గది. ఆ యంత్రంలో ఉండేది ఇనుమును లాగే పెద్ద అయస్కాంతం. అది రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది, ఆఫ్ చేసి ఇంటికెళ్లే సరుకు కాదు. 2023లో బ్రెజిల్‌లో ఒక లాయరు తల్లిని స్కానింగుకు తీసుకెళ్లి, నడుముకున్న పిస్తోలుతోనే లోపలికి నడిచాడు. అది పేలి, కొన్నాళ్లకు ప్రాణం పోయింది. అదే ఏడాది అమెరికాలో ఒకావిడకు ఇలాగే పిరుదులో తూటా దిగింది. తెల్లారుజామున మూడింటికి, నిద్ర కళ్లతో స్ట్రెచరు తోసుకెళ్లే మనిషికి నడుమున ఏముందో గుర్తుంటుందా? కొండపల్లి చెక్కతో పిస్తోలు చేయిద్దామన్నాను. వదిన జవాబివ్వలేదు.

విరేచనాల అంటువ్యాధి గదిలోంచి వచ్చాక ప్రతి వస్తువునీ బ్లీచింగుతో తుడవాలి. పిస్తోలును రోజుకెన్నిసార్లు తుడవాలో, అది ఎన్నాళ్లకు తుప్పు పడుతుందో కూడా లెక్క వేశాను. అదెవరూ అడగలేదు.

ఇంత కసరత్తయ్యాక వదిన తీరిగ్గా చెప్పింది, ఆసుపత్రి గుమ్మంలో 30.06 అని బోర్డుందట. ఆ రాష్ట్రంలో దాని అర్థం, లైసెన్సున్నవాళ్లు కూడా దాచుకున్న తుపాకీతో లోపలికి రావద్దని. అయితే 2011 చట్టం ప్రకారం ఉద్యోగులు పార్కింగులో తాళం వేసిన కార్లో పెట్టుకోవచ్చు, యజమాని మామూలుగా కాదనడానికి లేదు. అంటే నర్సు లోపల తన్నులు తింటుంటే, పిస్తోలు టెక్సస్ ఎండలో కారుకు కాపలా కాస్తుంది. కారు మాత్రం భద్రం.

“రాత్రిపూట ఇంకో గార్డును పెట్టమని అడగలేదా వదినా?”

“అడిగాం. శాంతంగా మాట్లాడటం ఎలా అని గంటసేపు ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. పిజ్జా కూడా తెప్పించారు.”

ఆ కందిపప్పులోంచే గుప్పెడు తీసి ఆదివారం దోసకాయ పప్పు చేసింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఆసుపత్రి నుంచి మెసేజి. ఈ రాత్రికి ఇద్దరు నర్సులు తక్కువయ్యారు, కాస్త ముందే రాగలరా అని.