రోగనిరోధక వ్యవస్థ: ఆలస్యం వెనుక ఉన్న లెక్క

శరీరం ఇంతకు ముందెన్నడూ చూడని సూక్ష్మజీవి లోపలికి ప్రవేశించినప్పుడు, దానికి సరిగ్గా సరిపోయే యాంటీబాడీలు రక్తంలో చెప్పుకోదగ్గ స్థాయికి చేరడానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అనుకూల పరిస్థితుల్లో కొన్ని బ్యాక్టీరియాలు అరగంటలోపే రెట్టింపవుతాయి గనుక ఈ జాప్యం పైకి పెద్ద లోపంలాగే కనిపిస్తుంది. ఆ వ్యవధిలో జ్వరం, వాపు, సూక్ష్మజీవులను మింగేసే భక్షక కణాలు వంటి పుట్టుకతో వచ్చిన రక్షణలే పోరు సాగిస్తుంటాయి. ఒక్కో సూక్ష్మజీవిని ప్రత్యేకంగా గుర్తించి ఎదుర్కొనే ఆర్జిత రోగనిరోధక వ్యవస్థ ఇంత నెమ్మదిగా ఎందుకు కదులుతుందో తెలిస్తే, టీకాల చుట్టూ అల్లుకున్న అపోహలు చాలావరకు వాటంతటవే తొలగిపోతాయని నా అభిప్రాయం.

మనిషి శరీరంలో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే జన్యువులు సుమారు 20 వేలు మాత్రమే. అయినా తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన బి కణాలు కోట్లాది రకాల యాంటీబాడీలను తయారు చేయగలవు. ఈ చిక్కుముడిని 1976లో జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావా విప్పారు. యాంటీబాడీ జన్యువులు పుట్టుకతోనే పూర్తి రూపంలో ఉండవని, ప్రతి బి కణం ఎదిగే క్రమంలో ఆ జన్యు శకలాలు తెగి, కొత్త కలయికలో అతుక్కుంటాయని ఆయన చూపించారు. 1987లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మరో రకం తెల్ల రక్తకణాలైన టి కణాల గ్రాహకాలూ, అంటే సూక్ష్మజీవి భాగాలను గుర్తుపట్టే వాటి ఉపరితల ప్రొటీన్లూ, ఇదే పద్ధతిలో తయారవుతాయి. ఇదంతా యాదృచ్ఛికంగా జరిగేదే తప్ప ఫలానా వైరస్ వస్తుందన్న ముందస్తు అంచనాతో జరిగేది కాదు. రాబోయే శత్రువు ఎవరో తెలియనప్పుడు ఇంతకన్నా తెలివైన మార్గం ఉండకపోవచ్చు గానీ, దానికి చెల్లించాల్సిన మూల్యం మాత్రం తక్కువేమీ కాదు. ఒక నిర్దిష్ట సూక్ష్మజీవి భాగాన్ని గుర్తుపట్టగల టి కణాలు లక్షకో, పది లక్షలకో ఒకటి చొప్పున ఉంటాయి. కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు ఆ భాగాన్ని లింఫు గ్రంథులకు మోసుకువచ్చి చూపించాలి, ఆ అరుదైన కణం అక్కడికి చేరాలి, చేరాక పదేపదే విభజన చెంది సైన్యంగా మారాలి. రోజులు గడిచేది ఇందుకే.

యాదృచ్ఛికంగా తయారైన గ్రాహకాల్లో కొన్ని మన సొంత కణజాలానికే అతుక్కునేలా ఉంటాయన్నది అంతకన్నా తీవ్రమైన సమస్య. అందుకే ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో టి కణాలకు కఠిన పరీక్ష జరుగుతుంది. అక్కడ ఎదగడం మొదలుపెట్టిన కణాల్లో బయటకు వచ్చేవి నూటికి ఐదుకు మించవు. ఆ వడపోతనూ తప్పించుకున్న వాటిని నియంత్రక టి కణాలు అదుపులో ఉంచుతాయి. ఈ రెండో కాపలాను వెలుగులోకి తెచ్చినందుకే షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది. పైగా, లక్ష్యం కనిపించినంత మాత్రాన టి కణం దాడికి దిగదు. నిజంగానే ప్రమాదం ఉందని ధ్రువీకరించే రెండో సంకేతం కూడా దానికి అందాలి. ఈ తనిఖీలు విఫలమైన చోట టైప్ 1 మధుమేహం, రుమటాయిడ్ కీళ్లవాతం వంటి జబ్బులు పుడతాయి. రోగనిరోధక శక్తిని అమాంతం పెంచేస్తామనే ప్రకటనలు ఈ సంగతి ఎత్తవు. పెంచడం ఎంత ముఖ్యమో, పట్టి ఆపడమూ అంతే ముఖ్యమైన వ్యవస్థ ఇది.

ఒకసారి ఇంత శ్రమపడ్డాక శరీరం ఆ ఫలితాన్ని వదులుకోదు. 1846లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో తట్టు విజృంభించినప్పుడు అక్కడికి వెళ్లిన డానిష్ వైద్యుడు పీటర్ పానుమ్ ఒక విశేషాన్ని గమనించారు. 1781లో, అంటే 65 ఏళ్ల కిందట, తట్టు సోకి బతికిన వృద్ధులెవరికీ ఆ వ్యాధి మళ్లీ రాలేదు. ఈ రక్షణ వెనుక ఉన్నవి రెండు. ఎముక మజ్జలో ఏళ్ల తరబడి ఉంటూ యాంటీబాడీలను విడుదల చేసే ప్లాస్మా కణాలు ఒకటి. అవసరం వచ్చేదాకా నిశ్శబ్దంగా తిరుగుతూ, వచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే స్పందించే మెమరీ కణాలు మరొకటి.

టీకా వేయించుకున్నా జబ్బు వచ్చింది కదా, ఇక దాని ప్రయోజనమేమిటి అని అడిగేవారు ఈ రెండింటి తేడాను పట్టించుకోరు. హెపటైటిస్ బి వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది. అంత గడువు దొరికితే, రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి ఉన్నా మెమరీ కణాలు మేల్కొని పని పూర్తిచేయగలవు. ఇన్‌ఫ్లుయెంజా అలా కాదు. ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే లక్షణాలు మొదలవుతాయి గనుక, మెమరీ కణాలు సిద్ధమయ్యేలోపే గొంతులో, ముక్కులో వైరస్ పెరిగిపోతుంది. అది తన పైపొర ప్రొటీన్లను తరచూ మార్చుకుంటుంది కూడా. అలాంటి చోట టీకా ఇన్‌ఫెక్షన్‌ను పూర్తిగా ఆపలేకపోవచ్చు, కానీ అది ఊపిరితిత్తుల దాకా పాకి ప్రాణం మీదికి తెచ్చే ముప్పును తగ్గిస్తుంది. ధనుర్వాతంలో సంగతి ఇంకా వేరు. అక్కడ హాని చేసేది అత్యంత స్వల్ప పరిమాణంలోనే పనిచేసే విషం. దాన్ని అడ్డుకోవాలంటే యాంటీబాడీలు ముందే రక్తంలో ఉండి తీరాలి. బూస్టర్ మోతాదు అవసరమా కాదా అన్నది టీకా నాణ్యతకు కొలమానం కాదు. ఆ రోగం మనకు ఎంత గడువిస్తుందన్న దాని మీద కూడా అది ఆధారపడి ఉంటుంది.

సహజంగా జబ్బు పడి తెచ్చుకున్న రక్షణే మేలనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. కొన్ని వ్యాధుల విషయంలో ఆ రక్షణ బలంగా ఉంటుందన్న మాట నిజమే. అయితే దాన్ని సంపాదించుకునే మొదటి వారం, రెండు వారాల్లో ఏ రక్షణా లేని శరీరం ఏమవుతుందన్నది ఆ వాదన చేసేవారి లెక్కలోకి రాదు. తట్టు వైరస్ అయితే మెమరీ కణాలనే నాశనం చేస్తుంది. టీకా వేయించుకోని పిల్లలపై జరిపి 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తట్టు సోకిన తర్వాత ఇతర సూక్ష్మజీవులపై వారికి అంతకు ముందున్న యాంటీబాడీల వైవిధ్యంలో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయినట్టు తేలింది. తట్టు టీకా వేసిన పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు.