చారు పట్టుకుని వెళ్ళండి

మా న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపులో చావు కబురు వస్తే అరగంటలో నలభై ‘ఓం శాంతి’లు పడతాయి. మర్నాటికి అదే గ్రూపులో పికిల్‌బాల్ కోర్టు ఎవరు బుక్ చేశారని చర్చ. నేనూ ఓ దండం బొమ్మ పెట్టి ఊరుకునే బాపతే.

పోయిన వేసవిలో మా వీధిలో ఉండే అమ్మాయి వాళ్ళ నాన్న రాజమండ్రిలో పోయారు. వీసా తేలలేదు, వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో. రాత్రి రెండింటికి రైస్ కుక్కర్‌కి ఫోన్ ఆనించి దహనం చూసింది. మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. ఎవరిదో భుజం, దాని మీద తడి తువ్వాలు. మళ్ళీ కదిలేసరికి చితి అంటుకుని ఉంది. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు మీటింగు. జీతంతో సెలవు ఇచ్చి తీరాలని ఇక్కడ ఫెడరల్ చట్టమేమీ లేదు. కంపెనీ దయ తలిస్తే మూడు రోజులు.

అదే ఊళ్ళో అయితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు, పక్కింటివాళ్ళే వండి తెస్తారు. పదకొండో రోజు, మాసికాలు, సంవత్సరీకం. తతంగం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. భర్త పోయినావిడ గాజులు పగలగొట్టే మొరటుతనమైతే పోవాల్సిందే. కానీ ఆ వంకనైనా ఏడాది పొడుగునా మనుషులు వచ్చిపోతుంటారు. అమెరికా సైకియాట్రీ సంఘం కూడా 2022లో, పెద్దవాళ్ళలో ఏడాది దాటినా తగ్గని తీవ్రమైన దుఃఖాన్నే విడిగా ఒక జబ్బు కింద రాసింది. మన ఏటిసూతకం లెక్కా ఏడాదే.

మేం వెళ్ళేసరికి ఒకాయన ఆ అమ్మాయికి “ఇది కోపం స్టేజీ” అని పాఠం చెబుతున్నాడు. 1969లో కూబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు ఆ ఐదు దశలు (కాదనడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు) చెప్పింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి. తండ్రి పోయిన పిల్లకి అదేమైనా సిలబస్సా?

మా ఆవిడ చారు, అన్నం గట్టు మీద పెట్టి, “నాన్నగారికి ఏం ఇష్టమమ్మా?” అని మాత్రం అడిగింది. పులస దగ్గర మొదలై, పేపరు మొదట తనే విప్పాలని ఆయన చేసే రభస దాకా ఆ అమ్మాయి గంటన్నర చెప్పింది. నేను నోరు విప్పలేదు.

లేచేటప్పుడు అలవాటుకొద్దీ “వెళ్ళొస్తాం” అనేశాను. చావింట్లో అనకూడని మాట. నాలుక కరుచుకున్నాను.

“పర్లేదన్నయ్యా, రండి. గిన్నె ఉంచేసుకుంటాను, దానికోసమైనా వస్తారు” అంది.