ప్యాకెట్టు మొత్తం తాగించమనే మహానుభావులకు

"మీ పిల్లోడి బ్యాగులో సిగరెట్టు దొరికిందా?" అని మొదలయ్యే మెసేజీ కడపలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఉంది. బంధువులు పంపితే సరేలే అనుకోవచ్చు, సైన్సు చెప్పే సార్లు కూడా పంపితే ఎట్ల? అందులో సలహాలు ఇవి: బెల్లం తింటే ఊపిరితిత్తుల్లోని పొగ కడుక్కుపోతుందంట. బీడీ ఆకుతో చేసేది కాబట్టి అంత చెడ్డది కాదంట. నెలకు రెండు మూడు తాగితే అలవాటు కాదంట. దొరికినోడిచేత ప్యాకెట్టు మొత్తం ఒకేసారి తాగిస్తే జన్మలో ముట్టడంట. అసలు తప్పు బడి ముందు సిగరెట్లు అమ్మే బంకులదంట.

బెల్లం పోయేది పొట్టలోకి. ముందుకు పోదాం.

బీడీలో పొగాకు తక్కువే, గ్రాములో ఐదో వంతు ఉంటుందేమో. కానీ తునికాకు సరిగా కాలదు, పీల్చడం ఆపితే ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాల్సిందే. దానివల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టుకు తీసిపోకుండా లోపలికి పోతాయి. ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన పొగ పచ్చగా రాదు.

నెలకు రెండు మూడే కదా అంటే, పదమూడు పద్నాలుగేళ్ల మెదడు ఇంకా తయారవుతానే ఉంటుంది, పొగాకులో ఉండే నికోటిన్‌కు తొందరగా లొంగుతుంది. రోజూ తాగే దశకు రాకముందే కొందరు పిల్లల్లో చిరాకు, పాఠం మీద నిలవని ధ్యాస, ఇంటర్వెల్ ఎప్పుడెప్పుడా అన్న ఆత్రం మొదలవుతాయి.

ఇక ఆ ప్యాకెట్టు వైద్యం. ఒక్కో సిగరెట్టు నుంచి సుమారు ఒక మిల్లీగ్రాము నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. పది సిగరెట్లు వరసగా తాగిస్తే నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమటలు, మొహం పాలిపోవడం, వాంతులు, గుండె దడ. కళ్లు తిరిగి పడినా పడతాడు. అంటే నాయనే దగ్గర కూర్చుని బిడ్డకు విషం ఎక్కిస్తున్నాడు, అదీ సొంత డబ్బుతో కొని! జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 77 ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. కన్నతండ్రికి మినహాయింపు అని అందులో ఎక్కడా లేదు.

పోనీ, పని చేస్తుందా అంటే అదీ లేదు. మొదటి సిగరెట్టుకు దగ్గు, తల తిరుగుడు, వికారం చాలామందికి వచ్చేవే. వికారంతో మానేటట్టయితే రెండోది ఎవురు తాగుతారు? వికారానికి ఒళ్లు నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది, కోరిక మాత్రం ఉంటుంది. నికోటిన్ రెండు గంటలకు సగానికి పడిపోతుంది. రాత్రి పది సిగరెట్లు తాగించినా తెల్లారేసరికి ఒళ్లు మళ్లీ అడుగుతుంది. ఈసారి మీకు తెలియకుండా తాగుతాడు, అంతే తేడా.

చేయాల్సింది ఇంతకంటే చప్పగా ఉంటుంది, అందుకే ఫార్వర్డ్ కాదు. పొద్దున లేచిన అరగంటలోపే కావాలనిపిస్తోందా అని తిట్టకుండా అడగండి. అవునంటే అలవాటు ముదిరినట్టే. మొదటి మూడు రోజులు గట్టివి, చిరాకు రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. కోరిక పుట్టినప్పుడు అయిదు నిమిషాలు దాటిస్తే చాలు: నీళ్లు, గుప్పెడు వేయించిన శనగలు, వీధి చివరిదాకా నడక. సిగరెట్టు మానడానికి నమిలే నికోటిన్ గమ్ము మెడికల్ షాపులో మీరే కొనిపెట్టొద్దు, పిల్లలకు అది డాక్టరు తేల్చాలి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-112-356కు ఫోన్ ఉచితం.

బంకుల మాట మాత్రం నిజం, ఒప్పుకోవాల్సిందే. బడి ప్రహరీ బయటి అంచు నుంచి చుట్టూ వంద గజాలలోపు, అంటే 91 మీటర్లలోపు, పొగాకు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టంలోనే ఉంది. విడిగా ఒక్కటి అమ్మితే ప్యాకెట్టు మీద 85 శాతం ఆక్రమించిన హెచ్చరిక బొమ్మ పిల్లోడి కంట పడనే పడదు, దారానికి వేలాడే లైటరు మాత్రం చేతికందుతుంది. ఆ చట్టం కింద జరిమానా రూ.200 దాకానే. దానికి బంకోడు బెదురుతాడా? ఫిర్యాదు రాసేటప్పుడు పైన చెప్పిన సెక్షన్ 77ను కూడా రాయండి, పిల్లోడికి అమ్మినోడికీ అది వర్తిస్తుంది.